సుబేదార్ సాబ్ మీసం, ఆకాశం దుప్పటి

జనవరి 18, ఆదివారం. సైనిక్‌పురి, పార్కు గేటు పక్కన సిమెంటు బెంచీ.

హాజరు: నేను. సుబేదార్ సాబ్. రజాయి భాయ్. సుబేదార్ సాబ్ కుక్క (ఆలస్యంగా వచ్చింది, మధ్యలో లేచిపోయింది).

గైర్హాజరు: బ్యాంకాయన. పన్ను పీకించుకున్నాడు. వచ్చే ఆదివారం ఆ పన్ను గురించే మాట్లాడతాడని అందరికీ భయం.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. నేను రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది రాసుకోకుండా ఏ పనీ మొదలుపెట్టలేను. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. మా పెళ్లిచూపుల రోజు కూడా హాజరు రాసుకున్నానని, అందులో ఆమె పేరు వాళ్ల మేనమామ పేరు తర్వాత ఉందని ఆమెకు ఇప్పటికీ కోపం. వాళ్ల మేనమామ ముందు వచ్చి కూర్చున్నాడు, నేనేం చేసేది?

పొద్దున నడక అయ్యాక ఆ బెంచీ మీద చేరడం మాకు అలవాటు. ఒకప్పుడు రాజకీయాలు మాట్లాడుకునేవాళ్లం. ఒకసారి మాట పెరిగి బ్యాంకాయన టీ ఫ్లాస్కు పైకెత్తాడు. పోయడానికే ఎత్తానని ఆయన ఇవాళ్టికీ అంటాడు. ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాం. ప్రతి ఆదివారం ఒకరు, ఫ్లాస్కులో టీ ఉన్నంతసేపు, ఓట్లతో సంబంధం లేని ఏదో ఒక సంగతి చెప్పాలి. అంతకుముందు ఆదివారం భాయ్ దూది గురించి చెప్పాడు. ఆయనకు రెజిమెంటల్ బజార్‌లో పరుపులు, రజాయిలు అనే దూది దుప్పట్ల దుకాణం ఉండేది. ఇప్పుడది అల్లుడికి అప్పగించి మా కాలనీలో కూతురి దగ్గర ఉంటున్నాడు. లోకంలో ఏ వస్తువు చూసినా అది మెత్తనా, గట్టినా అన్నదే ముందు చూస్తాడు. మా బెంచీ మీద ఆయన అభిప్రాయం రాయదగింది కాదు.

ఈసారి వంతు నాది. గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్ గ్రహాలను ఎలా వేడెక్కిస్తుందో చెబుతానన్నాను.

"ఏందీ, పొగ ముచ్చటనా?" అన్నాడు సుబేదార్ సాబ్. "అది సుత రాజకీయమే."

"పొగ కాదు. అసలు గాలి ఏం చేస్తుందో, అంతవరకే."

సుబేదార్ సాబ్ గురించి చెప్పాలంటే మీసం దగ్గర మొదలుపెట్టాలి. పటాలంలో చేరిన ఏడు పెంచిన మీసం. రెండు కొసలూ చెంపల మీదికి లేచి, కళ్లజోడును కిందినుంచి మోస్తున్నట్టు ఉంటాయి. కాలనీ పిల్లలు ఆయన్ని మీసాల తాత అనే పిలుస్తారు. ఏటా జనవరి ఇరవయ్యారున మా పార్కులో జెండా ఎగరేసేది ఆయనే. పిల్లల వరుసల ముందు నడిచి వందనం స్వీకరిస్తాడు. ఆ ఫోటో కోసం సంవత్సరమంతా ఎదురుచూస్తాడు. చలికాలంలో ఆ మీసం పైన ఒక మెరూన్ రంగు మంకీ క్యాప్, దాని నెత్తిన ఉలెన్ బంతి. తల మీద మంచు పడకుండా పెట్టుకుంటాడట. నేను పెట్టుకోను. ఈ విషయంలో ఆయనకు నా మీద జాలి.

నేను మొదలుపెట్టాను. సూర్యుడి వెలుగు మన గాలిలోంచి ఎక్స్‌ప్రెస్ బండిలా వస్తుంది. మధ్యలో దాన్ని ఆపేవాళ్లు తక్కువ. సరాసరి నేలను తాకి నేలను వేడి చేస్తుంది. వేడెక్కిన నేల ఊరుకోదు, ఆ వేడిని తిరిగి పైకి పంపుతుంది. అదీ ఒక రకం వెలుగే, మన కంటికి కనపడదు. ఈ తిరుగు బండి మాత్రం ప్యాసింజరు. గాలిలో ఉన్న నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ దాన్ని ప్రతి స్టేషన్‌లోనూ ఆపుతాయి. ఆపి, దిక్కు చూడకుండా మళ్లీ వదులుతాయి. కొంత పైకి, కొంత కిందికి. కిందికి వచ్చింది మళ్లీ నేలకే.

"అంటే మన సికింద్రాబాద్ బండిని ఔటర్ సిగ్నల్ కాడ నిలబెట్టినట్టు," అన్నాడు భాయ్.

"అచ్చం అలాగే."

"అది మీ సిగ్నలోళ్ల పనే కదా సార్. ఎన్నిసార్లు నిలబెట్టిండ్రు నన్ను! ఊరు కనిపిస్తుంటది, దిగనీయరు."

నేను దీన్ని రికార్డులోకి తీసుకోలేదు.

"జెర ఆగుండ్రి," అన్నాడు సుబేదార్ సాబ్. "గాలిల ఆ గ్యాస్ ఎంతుంటది? చిటికెడు. చిటికెడు గ్యాస్ గింత పెద్ద భూమిని వేడి చేస్తదా?"

"మిగతా గాలి ఆ వేడిని అసలు పట్టుకోదు సుబేదార్ సాబ్. నైట్రోజన్, ఆక్సిజన్ దాన్ని చూసీ చూడనట్టు పోనిస్తాయి. పట్టుకునేది ఈ చిటికెడే. పప్పులో ఉప్పెంత ఉంటుంది? అది లేకపోతే మీరు కంచం నెట్టేయరూ?"

"ఉప్పు లేకుంటే నేనేమనను. నాకు బీపీ."

కుక్క వచ్చి ఆయన బూట్ల మీద పడుకుంది. నేను శుక్రుడి దగ్గరికి వెళ్లాను. సూర్యుడికి అందరికన్నా దగ్గరున్నది బుధుడు. అయినా శుక్రుడే ఎక్కువ వేడి. పైగా శుక్రుడి మీద తెల్లటి మబ్బులు దట్టంగా కమ్ముకుని, వచ్చిన ఎండలో చాలా భాగాన్ని తిప్పికొడతాయి కూడా. ఐనా ఆ కొంచెం ఎండకే అక్కడ సీసం కరిగిపోయేంత వేడి. ఎందుకంటే అక్కడి గాలి దాదాపు అంతా కార్బన్ డయాక్సైడే, పైగా మహా మందం. బుధుడికి చెప్పుకోదగ్గ గాలే లేదు. పగలు కాలుతుంది, రాత్రి గడ్డకడుతుంది. పట్టి ఉంచేవాళ్లు లేరు.

"మా ఆమె జాతకంల శుక్రుడు మంచిగున్నడని ఆ పంతులు చెప్పిండు," అన్నాడు సుబేదార్ సాబ్. "పట్టుబట్టలు, అత్తర్లు, సుఖం అన్నడు. సీసం కరుగుతదని చెప్పలే."

భాయ్ తల ఊపాడు. "నాకు సమజైంది సార్. రజాయే ఇది. రజాయి ఏం వేడి పుట్టియ్యదు. దుకాణంల మడతపెట్టి ఉన్నప్పుడు చల్లగనే ఉంటది. మనిషి వేడిని పోనియ్యదు, అంతే."

"అంతే భాయ్. కాకపోతే రజాయి గాలిని కదలనీయకుండా ఆపుతుంది, ఇది ఆ కనపడని వెలుగును ఆపుతుంది. ఆ మాటకొస్తే పువ్వుల తోటలవాళ్లు కట్టే గ్లాసు ఇల్లు కూడా ముఖ్యంగా గాలిని ఆపే వేడెక్కుతుంది. పేరు పెట్టినవాళ్లు తొందరపడ్డారు."

"అయితే పేరే తప్పు," అన్నాడు సుబేదార్ సాబ్ సంతోషంగా. ఆ తర్వాత ఆయన ఒక ప్రశ్న అడిగాడు. నిజం చెప్పాలంటే, ఆ ప్రశ్న మంచి ప్రశ్న. "సరే, ఆ గ్యాస్ మొత్తం వేడిని ఒకసారి పట్టుకుందే అనుకుందాం. ఇగ ఇంకింత గ్యాస్ ఎక్కువైతే ఏమైతది? పట్టుకోనీకి ఏం మిగిలింది?"

ఫ్లాస్కులో టీ అడుగుకు వచ్చింది. త్వరగా చెప్పాలి. చివరి స్టేషన్‌ను చూడండి అన్నాను. పైకి పోయే వేడిని ఆపేవాళ్లు ఇక లేని చోటు, అక్కణ్నుంచి బండి సూటిగా శూన్యంలోకి పోతుంది. గ్యాస్ పెరిగితే ఆ చివరి స్టేషన్ ఇంకా ఎత్తుకు జరుగుతుంది. ఎత్తుకు పోయేకొద్దీ చలి. చల్లటి చోటు తక్కువ వేడినే బయటికి పంపగలదు. ఇక్కడ మాత్రం ఎక్స్‌ప్రెస్సులు ఎప్పటిలాగే దిగుతున్నాయి. దిగే జనం అంతే, ఎక్కి పోయే జనం తక్కువ. కింద ప్లాట్‌ఫారాలు నిండుతూ పోతాయి. వచ్చింది వచ్చినట్టు పోయేదాకా, అంటే చివరి స్టేషన్ మళ్లీ సరిపడా వేడెక్కేదాకా, కింద ఉన్నవాళ్లం ఉడుకుతూనే ఉంటాం.

భాయ్ ఒక అరచేతి మీద ఇంకో అరచెయ్యి పెట్టాడు. "రజాయి మీద రజాయి. పైదాని పైభాగం చల్లగ, లోపలున్నోనికి చెమట."

"శభాష్."

"నాకు నమ్మకం లేదు," అన్నాడు సుబేదార్ సాబ్. "మీరు చెప్పిన వేడిని నేనెప్పుడు సూడలే. ఆకాశం మీదికెళ్లి పడేది చలి. నైటంతా సెంట్రీ డ్యూటీ చేసినోన్ని, నాకెర్కలేదా? చలి పడ్తది, మంచు పడ్తది. అందుకే ఈ టోపీ."

"పడేదేమీ లేదు. మన వేడి పైకి పోతుంది, దాన్నే మనం చలి అంటున్నాం. మంచు కూడా పడదు. చల్లబడ్డ రేకు మీద గాలిలో తేమ నీళ్లవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టు."

"నా కారుకు రోజూ పడ్తది కదా మంచు? దాన్ని ఎవరు పెట్టిండ్రు ఫ్రిజ్‌ల?"

"ఆకాశం పెట్టింది."

భాయ్ నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. సుబేదార్ సాబ్ నవ్వలేదు. ఆయన పోర్టికో నిండా పటాలం నాటి నల్ల ట్రంకు పెట్టెలు ఉంటాయి. అందుకని కారు ఎప్పుడూ బయట వీధిలోనే. ఈ చలికాలమంతా తెల్లారేసరికి దాని కప్పు, అద్దం నీళ్లోడుతూ ఉంటున్నాయి. నా కారు పోర్టికోలో పొడిగా ఉంటుంది. ఆ మాటే అన్నాను.

"కప్పు కింద ఉంటే పడకుండ ఉంటది. వానకు సుత అంతే కదా. ఇది మా కుక్కకు సుత తెలుసు."

కుక్క లేచి వెళ్లిపోయింది.

అప్పుడు నాకు తోచింది. ఇద్దరి మాటకూ తేడా తేల్చేది ఒకటే, మబ్బు. మంచు పైనుంచి పడేదైతే మబ్బు పట్టిన రాత్రి ఎక్కువ పడాలి. నేను చెప్పేది నిజమైతే మబ్బు కింద కారు పొడిగా ఉండాలి, ఎందుకంటే మబ్బు కూడా నేలనుంచి వచ్చే వేడిని పట్టుకుని కిందికి తిప్పిపంపుతుంది. కారు కప్పు చల్లబడదు. శుక్రుడి మీద జరిగేదే, మన వీధిలో ఒక రాత్రికి, చిన్నగా. భాయ్ ఫోన్ తీసి చూశాడు. ఆ రాత్రికే మబ్బులని ఉంది.

"మబ్బుంటే మస్తు పడ్తది," అన్నాడు సుబేదార్ సాబ్.

"ఒక్క చుక్క ఉండదు."

"ఉంటది. లేకుంటే ఈ మీసం తీసేస్త!"

ఆయనే తన మాట విని బిత్తరపోయినట్టు కనిపించాడు. కానీ వెనక్కి తీసుకోలేదు. "మీరేమిస్తరు?" అన్నాడు. నేను ఓడిపోతే ఆయన దగ్గరున్న రెండో మంకీ క్యాప్, అదీ మెరూన్ రంగుదే, ఉలెన్ బంతితో సహా, చలికాలం పోయేదాకా పెట్టుకు నడుస్తానన్నాను. అప్పటికప్పుడే ఇంటికెళ్లి ఆ టోపీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. భాయ్ అంపైరు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సుబేదార్ సాబ్ భార్య మా ఇంటికి వచ్చింది. నేను పక్క గదిలో పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

"వదినా, జెర మీ ఆయనకు చెప్పు. ఇరవయ్యారు ఇంకో వారమే ఉంది. మీసం లేకుండ జెండా దగ్గర నిలబడితే పిల్లలు ఆగుతరా? నవ్వుతరు. ఈయన తట్టుకోడు. ఫోటో కోసం కోటు సుత ఇస్త్రీ చేయించి పెట్టిండు."

"నువ్వు పరేషాన్ కాకు," అంది మా ఆవిడ.

"పెండ్లైనప్పటి సంది ఆ మీసం లేకుండ నేనే సూడలే వదినా. దాని కింద ఏముందో ఏమో."

ఆమె వెళ్లాక మా ఆవిడ నా గదిలోకి వచ్చింది. "ఏందండీ, మీరు ఓడిపోండి."

"ఓడిపోవడం నా చేతిలో లేదు. మబ్బు చేతిలో ఉంది."

"అయితే మబ్బుకు చెప్పుండ్రి. ఇరవయ్యారున ఆ మనిషి బోడి మూతితో నిలబడితే మీ సైన్సుకు వచ్చేదేంది?"

ఆమె అడిగింది సబబే అనిపించింది. సాయంత్రం సుబేదార్ సాబ్ ఇంటికి వెళ్లాను. వరండాలో కూర్చుని చిన్న దువ్వెనతో మీసం దువ్వుకుంటున్నాడు, ఆఖరిసారి దువ్వుతున్నట్టు కాకుండా, ఎప్పటిలాగే. పందెం వదిలేద్దామన్నాను. నాకు మీసంతో పనిలేదన్నాను. పోనీ ఫిబ్రవరికి వాయిదా వేద్దామన్నాను.

"కాదు సార్. నలుగురు విన్నంక మాట మాటే."

"ఎక్కడి నలుగురు? భాయ్, నేను, మీరు."

"కుక్క విన్నది."

"కుక్క అప్పటికి వెళ్లిపోయింది. నేను రాసుకున్నాను."

ఆయన దువ్వెన జేబులో పెట్టుకుని పైకి చూశాడు. పడమటి నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. చీకటి పడేసరికి ఆకాశంలో ఒక్క నక్షత్రం కూడా కనపడలేదు. నాకు మామూలుగా ఇలాంటప్పుడు సంతోషం కలగాలి. ఆ రాత్రి భోజనంలో మా ఆవిడ నాకు పెరుగు రెండోసారి వడ్డించలేదు.

మర్నాడు పొద్దున లేవగానే పెరటి గోడకున్న థర్మామీటరు చూశాను. నిన్నటికన్నా స్పష్టంగా వెచ్చన. ఆకాశం నిండా బూడిదరంగు మబ్బు, రోడ్డు పొడి, వాన జాడ లేదు. మంకీ క్యాప్ చంకలో పెట్టుకుని బయల్దేరాను, తిరిగి ఇచ్చేద్దామని.

సుబేదార్ సాబ్ గేటు ముందు కారు ఉంది. కారు కప్పు మీద, బానెట్ మీద, అద్దం మీద చుక్కలు. నిండా చుక్కలు. కొన్ని జారి కిందికి గీతలు కడుతున్నాయి.

నేను చుట్టూ తిరిగి చూశాను. వేలితో తాకాను. నీళ్లే. నేను చెప్పిన చివరి స్టేషన్, శుక్రుడు, కరిగిన సీసం, అన్నీ ఆ బానెట్ మీద నుంచి బొట్లు బొట్లుగా కారిపోతున్నట్టు అనిపించింది. ఏ లెక్క తప్పింది? గాలిలో తేమ మరీ ఎక్కువైందా? మబ్బు మధ్యలో విడిచిందా? ఏదైనా సరే, మాట మాటే. టోపీ మడత విప్పి తలకు తొడుక్కున్నాను. చెవుల దగ్గర దురద పెట్టింది. ఉలెన్ బంతి అటూ ఇటూ ఊగడం తెలుస్తోంది. కానీ, డైరీలో రాయకూడదు గాని, మీసం బతికిందని కొంచెం హాయిగా కూడా అనిపించింది.

భాయ్ స్కూటరు మీద వచ్చి ఆగాడు. నన్ను చూసి ముందు గుర్తుపట్టలేదు. తర్వాత కారును చూసి ముఖం చిట్లించాడు.

"గిదేంది సార్? రోజూ నా స్కూటర్ సీటు తుడిచి కూసుంట. నైటంతా బయటనే ఉంటది. ఇయ్యాల గుడ్డ తియ్యనే లేదు. చూడుండ్రి, పైజామా పొడిగుంది." ఆయన కారు దగ్గరికి వెళ్లి, బానెట్ మీద వేలు పెట్టి, ఆ వేలు వాసన చూశాడు. "మంచుకు బ్లీచింగ్ పౌడర్ వాసన వస్తదా సార్?"

నేనూ వాసన చూశాను. కుళాయి నీళ్ల వాసన. కిటికీ అద్దాల మీద చుక్కలు ఒక పక్కే ఉన్నాయి, గేటు వైపు. గేటు లోపల, మెట్ల దగ్గర, సుబేదార్ సాబ్ భార్య బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది. రోజూ ముగ్గు ముందు వాకిట్లో నీళ్లు చల్లే చెయ్యి ఆమెది. అందుకే చుక్కలు అంత సమంగా పడ్డాయి.

"అన్నయ్యా," అంది నాతో, గొంతు తగ్గించి. "ఆయన బాత్రూంల ఉన్నడు. ఏమనకుండ్రి. టోపీ మీకు మంచిగుంది."

నేను భాయ్ వైపు చూశాను. అంపైరు మబ్బు వైపు చూశాడు. సంగతి బయటపెట్టొద్దన్నదే ఆయన తీర్పు అని నాకు అర్థమైంది. సరే, అనుకున్నాను. చలికాలం ఇంకెన్నో రోజులు ఉండదు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. సుబేదార్ సాబ్ అటెన్షన్‌లో నడిచినట్టు మెట్లు దిగి వచ్చాడు. ముక్కుకూ పెదవికీ మధ్య పాలిపోయిన ఒక మనిషి ముఖం, మేమెవరమూ ఎప్పుడూ చూడనిది, మా వైపు చూస్తోంది.

ఆమె చేతిలోంచి బకెట్టు జారిపోయింది.

"చీకటుండంగనే లేచి కారును తాకి చూసిన," అన్నాడాయన. "పూర పొడిగుంది. మీరే గెలిచిండ్రు సార్. అందుకే ఎవరు లేవకముందే..." అని, నా తల మీది టోపీని చూసి ఆగాడు. కారును చూశాడు. దొర్లుతున్న బకెట్టును చూశాడు. చివరికి భార్యను చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో, నవ్వు ఆపుకుంటోందో చెప్పలేను.

కుక్క ట్రంకు పెట్టెల వెనకనుంచి వచ్చింది. యజమానిని చూసి రెండడుగులు వెనక్కి వేసి, గట్టిగా మొరగడం షురూ చేసింది.

"ఏయ్, నేనేరా!" అన్నాడు సుబేదార్ సాబ్. అది ఇంకా గట్టిగా మొరిగింది.

భాయ్ దగ్గరికి వెళ్లి ఆయన మూతిని ఒక పాత పరుపును చూసినట్టు చూశాడు. "సాబ్, రజాయి తీసేసిండ్రు. చలి పెడుతుందా?"

సుబేదార్ సాబ్ పై పెదవిని వేళ్లతో తడుముకున్నాడు. "మస్తు పెడుతుంది," అన్నాడు. తర్వాత నా వైపు చెయ్యి చాచాడు. "టోపీ ఇటియ్యుండ్రి."

విప్పి ఇచ్చాను. తలకు తొడుక్కుని, ముందుభాగాన్ని ముక్కు దాకా పైకి లాగి సర్దుకున్నాడు. కళ్లు మాత్రం మిగిలాయి. కుక్క వెంటనే మొరగడం ఆపి తోక ఊపింది.

"ఇరవయ్యారు దాకా ఇది తియ్య," అన్నాడు లోపలినుంచి. "నడువుండ్రి, టైం అవుతుంది."